ఎదుట లేని విద్యార్థికి పాఠం

తరగతి గదిలో పాఠం చెప్పే అధ్యాపకునికి నల్లబల్ల, సుద్దముక్క, పాఠ్యపుస్తకం మాత్రమే సాధనాలని అనుకోవడం పొరపాటు. వాటన్నిటికంటె ఎక్కువగా ఆయనకు తోడ్పడేవి ఎదురుగా ఉన్న ముఖాలు. మూడవ వరుసలో ఒక విద్యార్థి కనుబొమలు ముడివేస్తాడు. చివరి బల్ల మీద ఇద్దరు కిటికీ వైపు చూస్తూ ఉంటారు. ముందు కూర్చున్న అమ్మాయి రాయడం ఆపి ప్రక్క స్నేహితురాలి పుస్తకంలోకి తొంగి చూస్తుంది. అధ్యాపకుడు వీటిని చూచి, చెప్పిన వాక్యాన్నే మరొక విధంగా చెబుతాడు, ఉదాహరణను మారుస్తాడు, కిటికీ వైపు చూస్తున్నవారిని పేరు పెట్టి పిలిచి ఒక ప్రశ్న వేస్తాడు. ఈ పని ఎంత సహజంగా జరిగిపోతుందంటే, తాను దీనిని చేస్తున్నానన్న స్పృహ కూడ ఆయనకు ఉండదు.

ఆన్‌లైన్ పాఠంలో మొట్టమొదట పోయేది ఇదే. కెమెరా కన్ను కనుబొమలు ముడివేయదు. చిత్రీకరించిన పాఠం ఆదిలాబాదులో ఒక విద్యార్థి ఇంట్లో, అనంతపురంలో మరొక విద్యార్థి ఇంట్లో ఒకే వేగంతో, ఒకే మాటలతో సాగిపోతుంది. అర్థమైనవాడికి, కానివాడికి అది చూపే తేడా ఏమీ ఉండదు. కనుక తరగతిలో అధ్యాపకుడు అప్పటికప్పుడు చేసే పనిని ఆన్‌లైన్ పాఠ రచయిత ముందుగానే చేసి పెట్టుకోవాలి. విద్యార్థి ఎక్కడ తడబడతాడో ఊహించి, ఆ చోట ఒక ప్రశ్నను, ఒక విరామాన్ని, ఒక జవాబును అమర్చి ఉంచాలి. పాఠాన్ని రూపొందించడం అన్న మాటకు అసలైన అర్థం ఇదే. రంగులు, బొమ్మలు, సంగీతం దాని తరువాతి సంగతులు.

ఈ సమస్య అంతర్జాలంతో పుట్టినది కాదు. ఇంగ్లండులో 1840లో ఒక పెన్నీ బిళ్ళతో దేశంలో ఎక్కడికైనా ఉత్తరం పంపే సదుపాయం ఏర్పడింది. ఆ సంవత్సరమే ఐజాక్ పిట్మన్ తాను రూపొందించిన సంక్షిప్తలిపిని తపాలా ద్వారా నేర్పడం ప్రారంభించాడు. అందులో గొప్పతనం పాఠం పంపడంలో లేదు. పుస్తకాలు అంతకుముందు కూడ ప్రయాణం చేసేవి. విద్యార్థి తాను రాసిన అభ్యాసాన్ని తిరిగి పంపేవాడు, అది దిద్దుబాట్లతో మళ్ళీ అతని చేతికి వచ్చేది. వెళ్ళిన ఉత్తరం కంటె తిరిగి వచ్చిన ఉత్తరమే పాఠం చెప్పింది. భారతదేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులో ఏర్పడింది. ఆనాడు ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయమన్న పేరుతో మొదలై, తరువాత డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరును ధరించిన సంస్థ అది. ఉద్యోగం చేసుకుంటూనో, ఇల్లు చూసుకుంటూనో చదువుకొనేవారికోసం దూరవిద్యా సంస్థలు తయారుచేసే పుస్తకాలలో ఒక విశేషం ఉంది. ప్రతి విభాగం చివర పాఠకుడు ఆగి సమాధానం రాసుకోవలసిన చిన్న ప్రశ్నలు, వాటికి క్రింద ఖాళీ గీతలు, అధ్యాయం చివర జవాబులు కనిపిస్తాయి. ఎదుట లేని గురువు పుస్తకంలో నుంచి వేసే ప్రశ్నలవి. ఆ ఖాళీ గీతలను నింపకుండా పుట తిప్పేవారు ఎందరో ఉంటారన్నది వేరే విషయం.

అంతర్జాలంలో ఈ కథ ఒక ఇంటి అవసరంగా మొదలైంది. అమెరికాలోని బోస్టన్ నగరంలో ఆర్థిక సంస్థలో ఉద్యోగం చేస్తున్న సల్మాన్ ఖాన్ (హిందీ చలనచిత్ర నటునితో ఆయనకు పేరు మాత్రమే కలిసింది) 2004లో, దూరాన ఉన్న న్యూ ఓర్లీన్సులో వరుసకు చెల్లెలైన ఒక బాలికకు ఫోనులో గణితం చెప్పసాగాడు. ప్రమాణాలను ఒకదాని నుంచి మరొకదానికి మార్చడం ఆ అమ్మాయికి కొరుకుడు పడలేదు. క్రమంగా మరికొందరు బంధువుల పిల్లలు చేరారు. అందరికీ సమయం కుదరక 2006లో ఆయన పాఠాలను చిన్న చిన్న వీడియోలుగా చేసి యూట్యూబులో ఉంచాడు. అప్పుడు ఆ పిల్లలు ఒక చిత్రమైన మాట చెప్పారు: అన్నయ్య ఎదురుగా చెప్పడం కంటె వీడియోలో చెప్పడమే తమకు బాగుందట. ఈ సంగతిని ఆయన తరువాత సభలలో నవ్వుతూ చెప్పుకొన్నాడు గాని, దానిలో లోతైన కారణం ఉంది. ఎదురుగా ఉన్న మనిషి "అర్థమైందా?" అని అడిగితే, అర్థం కానివారు కూడ తల ఊపుతారు. వీడియోను మాత్రం పదిసార్లు వెనుకకు తిప్పవచ్చు. ఎవరూ నవ్వరు, విసుక్కోరు. రెండేళ్ళ క్రిందట నేర్చుకొని మరచిపోయిన భిన్నాలను ఎవరికీ తెలియకుండా మళ్ళీ నేర్చుకోవచ్చు. తెలుగు మాధ్యమంలో చదివి ఇంటర్మీడియట్‌లో ఆంగ్ల మాధ్యమానికి వచ్చిన విద్యార్థికి ఈ సౌకర్యం విలువ ఎవరూ చెప్పనక్కరలేదు. ముఖాలు కనిపించకపోవడం వలన అధ్యాపకుడు పోగొట్టుకొన్నదానిలో కొంత, సిగ్గు లేకపోవడం రూపంలో విద్యార్థికి తిరిగి దక్కుతుంది.

అయితే దీనితోనే పని జరగదని కొద్ది సంవత్సరాలలోనే తెలిసింది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన సెబాస్టియన్ థ్రన్, పీటర్ నార్విగ్‌తో కలిసి 2011లో కృత్రిమ మేధపై ఉచితంగా నిర్వహించిన ఆన్‌లైన్ తరగతిలో దాదాపు 1,60,000 మంది పేర్లు నమోదు చేసుకొన్నారు. చివరివరకు నిలిచినవారు 20,000 పైచిలుకు. ఈ సంఖ్యను చూచి విజయమని అన్నవారూ ఉన్నారు, వైఫల్యమని అన్నవారూ ఉన్నారు. ఏ కళాశాల గదిలోనూ ఇరవై వేలమంది పట్టరన్నది నిజం. ప్రతి ఎనిమిదిమందిలో దాదాపు ఏడుగురు మధ్యలోనే జారిపోయారన్నదీ నిజం. ఆ తరగతిలో పాఠాలు కొద్ది నిమిషాల ముక్కలుగా ఉండేవి, ముక్క ముక్కకూ ఒక ప్రశ్న ఉండేది, వారం వారం అభ్యాసానికి గడువు ఉండేది. ఇంత శ్రద్ధ తీసుకొన్న చోటనే ఇలా ఉంటే, గంటసేపు ఏకబిగిన సాగే ఉపన్యాసాన్ని చిత్రీకరించి వదలివేసిన చోట ఎంతమంది మిగులుతారో ఊహించుకోవచ్చు. మన దేశంలో ఐ.ఐ.టి.లు, భారతీయ విజ్ఞాన సంస్థ కలిసి నిర్వహించే ఎన్‌పిటెల్ కూడ ఈ దారినే నడిచింది. మొదట ఉపన్యాసాలను చిత్రీకరించి అందరికీ అందుబాటులో ఉంచిన ఆ సంస్థ 2014 నుంచి వాటికి వారం వారం అభ్యాసాలను, పరీక్షా కేంద్రంలో రాసే పరీక్షను జోడించి, పూర్తిచేసినవారికి ధ్రువపత్రాలు ఇవ్వసాగింది. గడువు లేని చదువు రేపటికి వాయిదా పడుతుందన్నది మానవ స్వభావం. పరీక్షకు ముందు రాత్రి పుస్తకం తెరిచే అలవాటున్నవారికి దీనికి వేరే సాక్ష్యం అవసరం లేదు.

పాఠం ఎంత పొడవుండాలి? ఫిలిప్ గువో, మరి ఇద్దరు పరిశోధకులు ఎడెక్స్ అనే వేదికపై నాలుగు కోర్సులలో విద్యార్థులు వీడియోలను చూచిన తీరును పరిశీలించి 2014లో ఫలితాలను ప్రకటించారు. వారు లెక్కలోకి తీసుకొన్నవి 69 లక్షల వీక్షణలు. వీడియో ఎంత పొడవైనదైనా, విద్యార్థులు సాధారణంగా నిలిచి చూసేది ఆరు నిమిషాలకు మించడం లేదు. మరొక సంగతి కూడ తేలింది. తరగతి గదిలో చెప్పిన ఉపన్యాసాన్ని చిత్రీకరించి, తరువాత ముక్కలుగా కోసినంత మాత్రాన అది తెరకు తగిన పాఠం కాలేదు. మొదటినుంచీ తెరకోసమే ఆలోచించి చేసినవే విద్యార్థులను నిలిపాయి. కదలని స్లైడు కంటె, గురువు చేయి కదులుతూ గీసే గీత, రాసే సమీకరణం ఎక్కువగా ఆకట్టుకొన్నాయి. అచ్చైన సమీకరణం ఒక్కసారిగా కళ్ళముందు నిలుస్తుంది; చేత్తో రాసే సమీకరణం ఒక్కొక్క పదంగా పుడుతుంది, చూసేవాని ఆలోచనకు దానితోపాటు నడిచే వ్యవధి దొరుకుతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. చూస్తూ ఉండడం వేరు, నేర్చుకోవడం వేరు. ఆకట్టుకొనే పాఠమే నేర్పే పాఠమని చాలామంది భావిస్తారు. ఆస్ట్రేలియాలోని సిడ్నీ విశ్వవిద్యాలయంలో డెరెక్ ముల్లర్ చేసిన పరిశోధన ఈ భావనను గట్టిగా కుదిపింది. 2008లో సమర్పించిన ఆ పరిశోధనలో ఆయన భౌతికశాస్త్ర విద్యార్థులకు న్యూటన్ నియమాలపై రెండు రకాల వీడియోలను చూపించాడు. మొదటి రకంలో విషయాన్ని సూటిగా, స్పష్టంగా, తప్పు లేకుండా వివరించారు. విద్యార్థులు దానిని మెచ్చుకొన్నారు. సులభంగా ఉంది, చక్కగా అర్థమైంది అన్నారు. పాఠానికి ముందు 26 మార్కులకు సగటున 6 తెచ్చుకొన్నవారు పాఠం తరువాత తెచ్చుకొన్నవి 6.3 మాత్రమే. పెరిగినది మార్కు కాదు, తమకు తెలుసునన్న ధీమా. రెండవ రకం వీడియోలో ఒక విద్యార్థి తప్పుగా ఆలోచించి మాట్లాడతాడు, మరొకరు అతనితో వాదించి ఆ తప్పును విప్పి చూపుతారు. దీనిని చూచినవారు గందరగోళంగా ఉంది, బుర్రకు పని పెట్టింది అన్నారు. వారి సగటు మాత్రం 6 నుంచి 11కు పెరిగింది.

కారణం ఏమిటి? విద్యార్థి మనసు ఖాళీ పలక కాదు. బంతి, బరువు, వేగం వంటివాటి గురించి చిన్ననాటినుంచి అతనికి సొంత అభిప్రాయాలు ఉంటాయి. స్పష్టమైన పాఠం వింటున్నప్పుడు 'ఇది నాకు తెలిసినదే' అనుకొని అతడు శ్రద్ధను సడలిస్తాడు. విన్నదానిని కూడ తన పాత అభిప్రాయానికి అనుగుణంగానే గుర్తుంచుకొంటాడు. చెవిటివాని ముందు శంఖం ఊదినట్లు అంటారు. ఇక్కడ చెవి వినిపిస్తూనే ఉంది, తలుపు మూసి ఉన్నది లోపల. ఆ తలుపును తెరిచేది పొగడ్తకు నోచుకొన్న పాఠం కాకపోవచ్చు. ఆన్‌లైన్ పాఠాలను ఎన్ని 'లైకులు' వచ్చాయన్నదానితో కొలవడం ఎంత ప్రమాదకరమో దీనివలన తెలుస్తుంది.

ఈ మాటలు నేల విడిచి సాము కాకుండా ఉండాలంటే ఒక పాఠాన్ని తీసుకొని చూడాలి. ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరపు భౌతికశాస్త్రంలో, నిట్టనిలువుగా పైకి విసిరిన బంతి చలనం ఒకటి. సాధారణంగా ఈ పాఠం నిర్వచనాలతో, సమీకరణాలతో మొదలవుతుంది. తెరకోసం రూపొందించే పాఠం ఒక ప్రశ్నతో మొదలు కావాలి. బంతి చేతిని విడిచి పైకి పోతున్నది. గాలి నిరోధాన్ని లెక్కించనక్కరలేదు. ఆ క్షణంలో బంతిపై పనిచేస్తున్న బలాలేవి? పైకి ఒక బలమా? పైకి ఒకటి, కిందికి ఒకటి కలిసి రెండు బలాలా? కిందికి ఒకే ఒక్క బలమా? ఇక్కడ వీడియో ఆగాలి. విద్యార్థి ఏదో ఒకదానిని ఎంచుకొన్న తరువాతనే ముందుకు సాగాలి. ఈ మూడు జవాబులలో తప్పు జవాబులను ఊరికే చేర్చలేదు. చేయి ఇచ్చిన బలం ఇంకా బంతిలో ఉన్నదని, అది క్రమంగా తరిగిపోతుంటే బంతి నెమ్మదిస్తుందని చాలామంది నిజంగానే నమ్ముతారు. ఎవరూ నమ్మని తప్పును జవాబుల వరుసలో పెట్టడం వలన ప్రయోజనం లేదు. విద్యార్థులు పాత జవాబుపత్రాలలో చేసిన పొరపాట్లే పాఠ రచయితకు నిధి.

రెండవ జవాబును ఎంచుకొన్నవారికి 'తప్పు' అన్న ఎర్రని అక్షరం చూపి ఊరుకొంటే పాఠం అక్కడే చచ్చిపోతుంది. వారిని ఇంకొక ప్రశ్న అడగాలి: చేయి బంతిని తాకడమే లేదు కదా, మరి అది బలాన్ని ఎలా ప్రయోగిస్తున్నది? విద్యార్థి ఇక్కడ తికమకపడతాడు. ఆ తికమక కొన్ని క్షణాలపాటు ఉండనివ్వాలి. తరువాత చెప్పాలి: చేయి ఇచ్చినది బంతి దగ్గర నిలిచిన బలం కాదు, వేగం. బంతి సెకనుకు 19.6 మీటర్ల వేగంతో బయలుదేరిందని అనుకొంటే, ఒక సెకను తరువాత దాని వేగం 9.8 మీటర్లు, రెండవ సెకను చివర సున్న, మూడవ సెకను చివర మళ్ళీ 9.8, ఈసారి కిందికి. ప్రతి సెకనుకు మారినది ఒకే పరిమాణం. శిఖరాన వేగం సున్న అయిన క్షణంలో కూడ భూమి లాగడం మానలేదు. ఈ నాలుగు అంకెలను గురువు చేయి తెరపై ఒకదాని క్రింద ఒకటి రాస్తూ ఉంటే, సమీకరణం రాకముందే దాని సారం విద్యార్థికి పట్టుబడుతుంది. ఇదంతా ఆరు నిమిషాలలో ఇమిడిపోతుంది. బంతి ఎక్కిన ఎత్తును కనుగొనడం తరువాతి పాఠానికి వదలవచ్చు; అన్నిటినీ ఒకేచోట కుక్కవలసిన పని లేదు.

తెరపై ఏముండాలన్నదానితోపాటు ఏముండకూడదన్నదీ ముఖ్యమే. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్ర ఆచార్యుడైన రిచర్డ్ మేయర్, రోక్సానా మొరీనోతో కలిసి చేసిన ప్రయోగాలను 2000 సంవత్సరంలో ప్రకటించాడు. మెరుపు ఎలా పుడుతుందో వివరించే బొమ్మల పాఠానికి నేపథ్య సంగీతాన్ని జతచేస్తే విద్యార్థులు నేర్చుకొన్నది తగ్గింది. మనసు ఒకసారికి మోయగలిగే బరువు కొద్దిదే. సంగీతం ఆ బరువులో తన వంతు తాను తీసుకొంటుంది. తెర నిండా వాక్యాలు పెట్టి వాటినే యథాతథంగా చదవడం కూడ ఇటువంటిదే. కన్ను ఒక వేగంతో చదువుతుంది, చెవి మరొక వేగంతో వింటుంది, రెండూ పోట్లాడుకొంటాయి. అయితే పరభాషలో పాఠం వినేవారి విషయంలో చిన్న మినహాయింపు ఉండాలి. త్వరణం, గురుత్వాకర్షణ వంటి పారిభాషిక పదం మొదటిసారి వినిపించిన క్షణంలో, ఆ ఒక్క పదాన్ని తెలుగులోను ఆంగ్లంలోను తెరపై చూపడం మేలు. వాక్యాలు వద్దు, పదం చాలు.

పాఠం నడుమ ప్రశ్నలు వేయడం వలన కలిగే మేలు పరీక్షకు నిలిచినదే. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో 2013లో ప్రకటితమైన ఒక పరిశోధనలో 21 నిమిషాల సంఖ్యాశాస్త్ర పాఠాన్ని భాగాలుగా చేసి, ఒక బృందానికి ప్రతి భాగం తరువాత చిన్న పరీక్ష పెట్టారు. మధ్యలో పరీక్షలు లేనివారితో పోలిస్తే వారిలో మనసు పక్కదారి పట్టడం సగానికి తగ్గింది. రాసుకొన్న నోట్సు మూడు రెట్లయింది. ప్రశ్న రాబోతున్నదని తెలిసిన మనసు మేలుకొని ఉంటుంది. చదివినదానినే మళ్ళీ చదవడం కంటె, పుస్తకం మూసి జ్ఞప్తికి తెచ్చుకోవడం వారం తరువాత కూడ నిలుస్తుందని రోడిగర్, కార్పికీ 2006లో చూపారు. కనుక బంతి పాఠంలోని ప్రశ్న ఒకటి మూడు రోజుల తరువాత మరొక పాఠం మొదట్లో అనుకోకుండా ఎదురుకావాలి.

ఎంత చక్కగా రూపొందించిన పాఠమైనా విద్యార్థి ఇంటికి చేరాలి కదా. 2020 మార్చిలో కోవిడ్ వలన విద్యాసంస్థలు మూతపడినప్పుడు ఈ ప్రశ్న ప్రతి ఊరిలోనూ ఎదురైంది. తెలంగాణలో ఆ సంవత్సరం సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ఛానెళ్ళ ద్వారా పాఠాలు ప్రసారమయ్యాయి; ఆంధ్రప్రదేశ్‌లో దూరదర్శన్ సప్తగిరి ఆ పని చేసింది. అంతర్జాలం లేని ఇంట కూడ టెలివిజన్ ఉంటుందన్న ఆలోచన సరైనదే. కాని టెలివిజన్ పాఠం ఆగదు, వెనుకకు తిరగదు. ఎక్కడో జారిపోయిన వాక్యం మళ్ళీ దొరకదు. ఇంటికంతటికీ ఒకే సెల్‌ఫోను ఉండి, అది పొలానికో పనికో వెళ్ళే తండ్రి జేబులో ఉంటే, ప్రత్యక్షంగా జరిగే తరగతి ఆ ఇంటి పిల్లలకు లేనట్లే. పాఠం సాయంత్రం కూడ దొరకాలి. సెకనుకు ఒక మెగాబిట్ చొప్పున గంటసేపు సాగే వీడియోకు 450 మెగాబైట్లు ఖర్చవుతాయి. అదే వేగంలో ఆరు నిమిషాల వీడియోకు 45 చాలు. సెకనుకు 64 కిలోబిట్ల చొప్పున మాట మాత్రమే వినిపించే గంట పాఠానికి 30 మెగాబైట్లు కూడ పట్టవు. బొమ్మ నిలిచిపోయినా మాట వినిపిస్తే పాఠం బ్రతుకుతుంది, మాట తెగితే బొమ్మ ఎంత అందంగా ఉన్నా వ్యర్థమే. అందువలన కెమెరాకు పెట్టే డబ్బులో కొంత మైకుకు పెట్టడం వివేకం. నల్లబల్ల మీది రాత అరచేతిలో పట్టే తెరపై ఎలా కనిపిస్తుందో, పాఠం పంపే ముందు అధ్యాపకుడు తన సెల్‌ఫోనులోనే ఒకసారి చూచుకోవాలి. చాలామంది ఈ చిన్న పని చేయరు.

కేంద్ర ప్రభుత్వం 2017లో ప్రారంభించిన స్వయం వేదికలో ప్రతి కోర్సుకు నాలుగు అంగాలుంటాయి: వీడియో పాఠం, చదువుకొనే సామగ్రి, స్వీయ పరీక్ష, చర్చకు చోటు. వీటిలో ఎక్కువమంది చూసేది మొదటిది, తక్కువగా పట్టించుకొనేది చివరిది. కాని విద్యార్థి "నాకు ఇక్కడ అర్థం కాలేదు" అని చెప్పగలిగే చోటు ఆ చివరి అంగమే. అక్కడ వేసిన ప్రశ్నకు మరునాడైనా జవాబు రాకపోతే రెండవ ప్రశ్న రాదు. పిట్మన్ కాలపు తిరుగు ఉత్తరం ఇక్కడ వేరే రూపంలో కనిపిస్తుంది.

బంతి పాఠం విడుదలైన వారం తరువాత అధ్యాపకుడు జవాబుల పట్టికను తెరిచి చూస్తాడనుకొందాం. శిఖరాన బంతిపై బలమెంత అన్న ప్రశ్నకు సగం మంది 'సున్న' అని రాశారు. వేగం సున్న అయితే బలం కూడ సున్నే అని వారు అనుకొన్నారన్నమాట. తరగతి గదిలో అయితే ముడిపడిన కనుబొమలను చూచి ఆయన అప్పుడే ఆగేవాడు. ఇక్కడ ఆ కనుబొమలు వారం ఆలస్యంగా, అంకెల రూపంలో కనిపించాయి. పాఠం మొత్తాన్ని మార్చనక్కరలేదు. నాలుగవ నిమిషంలో ఆ శిఖరం దగ్గరి రెండు నిమిషాలను తీసివేసి, "బలం నిజంగా సున్న అయితే బంతి అక్కడే ఆగి ఉండిపోవాలి కదా?" అన్న ప్రశ్నతో ఆ భాగాన్ని మళ్ళీ చిత్రీకరించడానికి ఆయన సుద్దముక్క చేతిలోకి తీసుకొంటాడు.